డోసీవాలిప్స్ మొగలో చమ్ సాల్మన్ వేట

శుక్రవారం

వాషింగ్టన్ రాష్ట్రంలో చేపలు పట్టేవాళ్లని ఏ సాల్మన్ మంచిదని అడిగితే చినూక్, సాకై, కోహో అని వరసగా చెప్తారు. చమ్ అనగానే మొహం అదోలా పెడతారు. కొందరు స్మోక్ చేసుకుంటే పర్లేదంటారు, కొందరు పీతల బుట్టలో ఎరగా వేసుకోమంటారు. మా బావగారు మాత్రం నవంబరు వచ్చిందంటే పనిగట్టుకుని ఆ చేప కోసమే హుడ్ కెనాల్ వైపు వెళ్తారు. "చేపలో తప్పేం లేదు, ఎక్కడ పట్టామన్నదాన్ని బట్టి ఉంటుంది" అని ఆయన వాదన. వెటరన్స్ డేకి సోమవారం సెలవు కలిసి రావడంతో ఈసారి ఆయనా, మా మేనల్లుడూ, నేనూ కలిసి బయల్దేరాం.

ఎడ్మండ్స్‌లో కారుతో సహా ఫెర్రీ ఎక్కి కింగ్‌స్టన్‌లో దిగితే, కాసేపటికి హుడ్ కెనాల్ మీది తేలే వంతెన వస్తుంది. పేరుకే కెనాల్ గానీ ఎవరూ తవ్వింది కాదు. మంచుయుగంలో హిమానీనదాలు చెక్కిన సముద్రపు పాయ, దాదాపు 80 కిలోమీటర్ల పొడవు. అడుగు బాగా లోతు కాబట్టి మామూలు స్తంభాలు వెయ్యకుండా కాంక్రీటు పడవల మీద 1961లో వంతెన కట్టారు. 1979 ఫిబ్రవరిలో తుపానొచ్చి పడమటి సగం మునిగిపోయింది. మళ్లీ కట్టి తెరిచేసరికి 1982 అయింది. నీళ్లు ఆటుపోట్లకి లేచి దిగుతుంటే వంతెనా వాటితోపాటే లేచి దిగాలి కాబట్టి రెండు చివర్లా రోడ్డు కదిలేలా అమర్చారు. దక్షిణాన బాంగోర్‌లో నేవీ జలాంతర్గాముల స్థావరం ఉంది. ఒక్కోసారి వాటి కోసం వంతెన తెరిస్తే ట్రాఫిక్ మొత్తం ఆగిపోతుంది. మాకు ఆ టెన్షన్ లేకుండానే దాటేశాం.

క్విల్సీన్ దాటి, 101 హైవే మీద మౌంట్ వాకర్ పక్కనుంచి కిందికి దిగి బ్రిన్నన్ చేరేసరికి చీకటి పడిపోయింది. ఈ నెలలో ఇక్కడ ఐదింటికల్లా లైట్లు వేసుకోవాల్సిందే. గదిలో సామాన్లు పడేసి బావగారు మొదట చేసిన పని ఆటుపోట్ల పట్టిక తియ్యడం. ఇక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. కానీ రెండూ సమానం కాదు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. వేసవిలో పెద్ద ఆటు పట్టపగలొస్తుంది, చలికాలంలో రాత్రిపూట. అందుకే భోంచేసి బయటికొచ్చేసరికి దూరంగా బురద మేటల మీద తలకి లైట్లు కట్టుకుని జనం తిరుగుతున్నారు. ఆయిస్టర్లు ఏరుకునేవాళ్లు. మనిషికి రోజుకి 18. అక్కడే గుల్ల విప్పి, మాంసం తీసుకుని, గుల్లని అక్కడే వదిలెయ్యాలి. పిల్ల ఆయిస్టర్లు పాత గుల్లల మీదే అంటుకుని పెరుగుతాయి కాబట్టి ఆ రూలు.

శనివారం

డోసీవాలిప్స్ నది ఒలింపిక్ పర్వతాల్లో మౌంట్ ఆండర్సన్ వైపున పుట్టి బ్రిన్నన్ దగ్గర హుడ్ కెనాల్‌లో కలుస్తుంది. హైవే వంతెనకి దిగువన నది చీలి, మెలికలు తిరిగి, గడ్డి మేటల మధ్య ఉప్పుటేరుగా మారుతుంది. మేం గాలం వెయ్యాల్సింది అక్కడే. ఆ సీజన్లో వంతెన నుంచి మొగ దాకా మాత్రమే సాల్మన్‌కి అనుమతి, చమ్ తప్ప ఇంకేదీ ఉంచుకోకూడదు, మనిషికి రోజుకి రెండు. రూల్స్ ఏటా మారతాయి, సీజన్ మధ్యలోనూ మారతాయి. పొద్దున్నే మరోసారి ఫోన్‌లో చూసుకున్నాకే బయటికి కదిలాం.

నవంబరు దాకా ఎందుకు ఆగాలని మేనల్లుడు అడిగాడు. హుడ్ కెనాల్‌కి చమ్ రెండు విడతలుగా వస్తుంది. ఆగస్టు చివర్లో మొదలై అక్టోబరు దాకా వచ్చేది వేసవి చమ్. ఒకప్పుడు వేలల్లో వచ్చేది బాగా తగ్గిపోయింది. 1999లో అమెరికా ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న జాతుల చట్టం కిందికి తెచ్చింది. దాని వెనక వచ్చేది ఆకురాలు కాలపు చమ్. దీనికి కొదవ లేదు. చూడ్డానికి రెండూ ఒకటే కాబట్టి మొదటిది గుడ్లు పెట్టే పని ముగించుకునేదాకా గాలాలు నీళ్లలో పడకూడదు. "క్యాలెండర్ చూసే గుర్తుపట్టాలన్నమాట, మొహం చూసి కాదు" అన్నాడు వాడు. సరిగ్గానే అర్థం చేసుకున్నాడు.

ఛాతీ దాకా వచ్చే వేడర్స్, అంటే నీళ్లు చొరని పొడుగాటి తొడుగులు, వేసుకుని, నడుముకి బెల్టు బిగించి నీళ్లలోకి దిగాం. ఆ బెల్టు అలంకారం కాదు. కాలు జారి పడితే వేడర్స్‌లోకి నీళ్లు బొళబొళా పోకుండా ఆపేది అదే. గులకరాళ్లున్నంత మేర నడక హాయిగా ఉంది. గడ్డి అంచున బురదలో మాత్రం మోకాలి దాకా దిగబడతాం. అక్కడ నిలబడిపోకూడదు, అడుగు వెంట అడుగు వేస్తూనే ఉండాలి.

ఎనిమిదిన్నర అడుగుల గాలపు కర్ర, దారానికి బెండు, బెండు కింద మూడు నాలుగు అడుగుల లోతులో జిగ్ వేలాడుతుంది. జిగ్ అంటే సీసపు తల ఉన్న కొక్కేనికి ఊదారంగు ఈకలు కట్టింది. ఎరగా రొయ్య ముక్క గుచ్చేవాళ్లూ ఉన్నారు. బావగారు గుచ్చరు. ఊదా, లేత పచ్చ, ముదురు గులాబీ రంగులంటే చమ్ మీదకి వస్తుందని ఇక్కడందరి నమ్మకం. ఏరులోకి వచ్చాక అది తిండి మానేస్తుంది. మరి జిగ్ని ఎందుకు కరుస్తుందంటే, దారికి అడ్డొచ్చిందన్న కోపంతో అంటారు. నాకు అంతకన్నా మంచి కారణం దొరకలేదు. కొక్కేనికుండే ఎదురు ముల్లుని ప్లయర్‌తో ముందే నొక్కెయ్యాలి, చేపని వదలాల్సొస్తే నోరు చీరకుండా.

తొమ్మిదప్పుడు ఆటు ఇంకా సాగుతూనే ఉంది. నది సముద్రం వైపు జోరుగా పోతోంది. బెండు ఎగువన వేస్తే నిమిషంలో మా ముందునుంచి దిగువకి కొట్టుకుపోయేది. అలా గంటన్నర వేసినా ఏమీ తగల్లేదు. పక్కన నిలబడ్డ ఓ ముసలాయన గాలమే వెయ్యకుండా దుంగ మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన్ని చూసి బావగారు కూడా కర్ర పక్కన పెట్టేశారు. "పోటు రానీ. ఇప్పుడు వేసినా చేతులు నొప్పి పెట్టడమే."

పదిన్నర దాటాక నదిలో తేడా తెలిసింది. ముందు ప్రవాహం మందగించింది. తర్వాత బెండు ఉన్నచోటే నిలబడిపోయింది. ఇంకాసేపటికి మెల్లగా వెనక్కి, ఎగువకి, కొండల వైపు జరగడం మొదలుపెట్టింది. ధవళేశ్వరం పక్కన పుట్టి పెరిగిన నేను గోదారిని ఎన్నో రకాలుగా చూశాను గానీ, బ్యారేజీకి పైన ఉన్న మాకు నది వెనక్కి నడవడం మాత్రం కనపడేది కాదు. ఇక్కడ అది మోకాళ్లకి తెలుస్తోంది. అప్పటిదాకా వెనకనుంచి నెట్టిన నీరు ఇప్పుడు ముందునుంచి నెడుతోంది.

నీళ్లతోపాటే చేపలూ వచ్చాయి. మొదట మొగ దగ్గర ఒక సీల్ తల పైకి లేచింది. తర్వాత నీటిపైన సన్నటి వణుకు కనబడింది, గాలి లేని చోట. "అదిగో గుంపు" అన్నారు బావగారు. చమ్ మొగ బయట ఉప్పునీళ్లలో రోజుల తరబడి కాచుకుని ఉంటుంది. పోటు ఎక్కి లోతు పెరిగాక గుంపుగా లోపలికి జరుగుతుంది. ఆటు తీసేటప్పుడు కొన్ని మళ్లీ వెనక్కి పోతాయి. వాన పడి నది పెరిగితే ఒక్కసారిగా ఎగువకి పోతాయి. ఉప్పుకీ మంచినీళ్లకీ మధ్య ఉన్న ఈ కాస్త మేరలో అవి ఆగి ఉన్న వ్యవధే మనకి దొరికేది.

మొదటి బెండు మేనల్లుడిది మునిగింది. మునగడమంటే చిన్న చేప కొరికినట్టు టుక్కుటుక్కుమనడం కాదు, బెండు ఉన్నట్టుండి మాయమైంది. కర్ర వంగిపోయింది, రీల్ గిర్రున తిరిగింది, వాడు "మామయ్యా, ఐ కాంట్, ఐ కాంట్" అని కేకలు. చమ్ బలం గురించి మాత్రం దాన్ని తిట్టేవాళ్లు కూడా అబద్ధం చెప్పరు. పైకి ఎగరదు, అడుగున బరువుగా లాగుతుంది, వలదాకా వచ్చిందనుకున్నాక మళ్లీ ఇరవై గజాలు పోతుంది. తీరా వలలోకి తీశాక చూస్తే కొక్కెం నోట్లో కాక వీపు రెక్క దగ్గర గుచ్చుకుని ఉంది. ఇక్కడి నదుల్లో నోటి లోపల తగలని సాల్మన్‌ని ఉంచుకోకూడదు. నీళ్లలోనే ఉంచి కొక్కెం తీసి వదిలేశాం. వాడి మొహం చిన్నబోయింది. కానీ అరగంటలో ఇంకొకటి పట్టాడు, ఈసారి నోట్లోనే.

నాకు తగిలినదాన్ని సీల్ సగం దారిలో కొట్టేసింది. తల మాత్రం దారానికి వేలాడుతూ వచ్చింది. తర్వాతది దక్కింది. నాలుగు కిలోల పైనే ఉంటుంది, ఆడది. వెండి రంగు, పక్కన సన్నగా ఒక నల్లటి చార మొదలవుతోంది. తోక దగ్గర గోధుమరంగు సముద్రపు పేలు రెండు అంటుకుని ఉన్నాయి. వాటిని చూసి అసహ్యపడబోతే బావగారు ఆనందంతో భుజం తట్టారు. మంచినీళ్లలో ఆ పేలు కొన్ని రోజులకి మించి బతకవు. అవి ఉన్నాయంటే చేప ఉప్పునీటి నుంచి అప్పుడే వచ్చిందని. తల మీద ఒక్క దెబ్బ వేసి, మొప్పలు కోసి రక్తం పోనిచ్చి, పట్టిన చేపల లెక్క రాసే కార్డు మీద పెన్నుతో వెంటనే రాసుకున్నాం. అక్కడికక్కడ రాయకపోతే జరిమానా.

మా గోదారి జిల్లాల్లో దీనికి పూర్తిగా తిరగబడ్డ లెక్క ఉంది. సముద్రంలో పట్టిన ఇలసకి విలువ తక్కువ. అదే చేప వరద నీటికి ఎదురీది గోదాట్లోకి వస్తే పులస. అప్పుడు పుస్తెలమ్మి అయినా తినాలంటారు. చమ్ సంగతి వేరు. సముద్రంలో ఉన్నంతవరకే దానికి విలువ. మంచినీళ్ల వాసన తగిలాక రోజురోజుకీ దిగజారుతుంది. తిండి లేకుండా ఎదురీదడానికి, గుడ్లు తయారవడానికి ఒంట్లో ఉన్న కొవ్వునీ కండనీ కరిగించుకుంటుంది. కండలోని ఎర్రరంగు చర్మానికీ గుడ్లకీ పోయి మాంసం పాలిపోతుంది. మగదానికి ఊదా, ఎరుపు నిలువు చారలొస్తాయి, దవడ వంకర తిరుగుతుంది, కోరలు పెరుగుతాయి. కుక్క సాల్మన్ అన్న పేరు ఆ కోరల వల్లే వచ్చిందంటారు. ఈ చేపని తిట్టేవాళ్లలో ఎక్కువమంది నదిలో పైన ఎక్కడో అలాంటిదాన్ని పట్టినవాళ్లే అయి ఉంటారు.

పోటు నిండాక ఓ అరగంట నీళ్లు అటూఇటూ కాకుండా నిలిచాయి. తర్వాత ఆటు మొదలై బెండు మళ్లీ సముద్రం దారి పట్టింది. ఆ మలుపులో బావగారికి కూడా ఒకటి పడింది. మూడింటికి వాన మొదలైంది.

ఆదివారం

రాత్రంతా పడ్డ వానకి నది పాలు ఎక్కువైన టీ రంగులోకి తిరిగింది. కొమ్మలు కొట్టుకొస్తున్నాయి. గాలం వెయ్యడం దండగ. సరే, దక్షిణంగా కారులో పోదామనుకున్నాం.

హుడ్స్‌పోర్ట్‌లో కాసేపు ఆగాం. అక్కడ హేచరీ, అంటే చేపగుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం, నుంచి ఫించ్ క్రీక్ అనే బుల్లి వాగు నేరుగా ఉప్పునీళ్లలో పడుతుంది. హేచరీలో పుట్టిన చమ్ తిరిగి అక్కడికే వస్తుంది కాబట్టి జనమూ అక్కడికే వస్తారు. భుజానికి భుజం ఆనించి నిలబడి, దారాలు చిక్కుపడి, నాలుగైదు భాషల్లో కేకలు. చేపలు నిన్నటికన్నా ఎక్కువే పడుతున్నాయి. అయినా నాకు అక్కడ దిగాలనిపించలేదు. ఒకాయన మాత్రం ఆడచేపల్నే ఏరుకుని ఉంచుకుంటున్నాడు, గుడ్ల కోసం. జపాన్‌వాళ్లు ఇకురా అని తినే ఎర్రటి గుడ్లు ఎక్కువగా ఈ చమ్‌వే. హొక్కైడోలో ఇది పెద్ద వ్యాపారం.

ఇంకా కిందికి పోతే స్కోకోమిష్ తెగ వాళ్ల ఊరు. మొగలో వాళ్ల పడవలు, వలల చుట్టలు కనబడ్డాయి. ఇక్కడి తెగలు 1855లో పాయింట్ నో పాయింట్ ఒప్పందం మీద సంతకం పెట్టినప్పుడు భూమి వదులుకున్నాయి గానీ, ఎప్పట్నించో పట్టుకుంటున్న చోట్ల చేపలు పట్టుకునే హక్కు వదులుకోలేదు. వందేళ్లకి పైగా ఆ మాట కాగితం మీదే ఉండిపోయింది. 1974లో జడ్జి జార్జ్ బోల్ట్ ఈ రాష్ట్రంలో ఒప్పందాలున్న తెగలకి పట్టదగ్గ చేపల్లో సగం దక్కాలని తీర్పిచ్చాడు. ఎంత గొడవైనా ఆ తీర్పు నిలబడింది. శనివారం మా పక్కన కూర్చున్నవాళ్లలో ఒకాయన వలలు చేపలన్నీ ఎత్తుకుపోతున్నాయని సణిగాడు. ఆయన సణుగుడు విన్నాక ఆ పడవల్ని చూస్తే, మిగిలిన సగంలో వాటాకొచ్చినవాళ్లం మనమే కదా అనిపించింది.

స్కోకోమిష్ లోయలో రోడ్డు మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. ఈ నది గులకరాళ్లతో మేట వేసి కాస్త వానకే గట్టు దాటేస్తుంది. వరద బాగా వచ్చిన రోజుల్లో చమ్ తారు రోడ్డు మీదుగా ఈదుకుంటూ అవతలి పొలాల్లోకి పోతుంది. కార్లు ఆగి దారివ్వాలి. మేం వెళ్లినప్పుడు అంత నీరు లేదు. మేనల్లుడు కిటికీకి ముక్కు ఆనించి చూశాడు గానీ చేప కనబడలేదు.

షెల్టన్ దాటాక కెనడీ క్రీక్. టాటెన్ ఇన్‌లెట్‌లో కలిసే ఈ వాగు పక్కన చమ్ గుడ్లు పెట్టడం చూడ్డానికి నవంబరు శని, ఆదివారాల్లో కాలిబాట తెరుస్తారు. టికెట్ లేదు. వాలంటీర్లు నిలబడి వివరంగా చెప్తారు. దూరం నుంచే కుళ్లిన వాసన తగిలింది. వాగు పాదాలు తడిసేంత లోతే, అందులో వీపులు బయటపెట్టి వందల చేపలు. ఆడది పక్కకి ఒరిగి తోకతో రాళ్లని కొట్టి గుంట తవ్వుతుంది. పక్కన మగవి ఒకదాన్నొకటి తోక దగ్గర కరిచి తరుముకుంటున్నాయి. గుంటలో గుడ్లు పెట్టాక కాస్త ఎగువకి జరిగి మళ్లీ తవ్వితే, ఆ రాళ్లు వెనక్కి పడి పాత గుంట పూడుతుంది. ఒక్కో ఆడచేపలో రెండు నుంచి నాలుగు వేల గుడ్లు. ఆ తర్వాత వారం, పది రోజులు బతుకుతాయేమో. ఒంటినిండా తెల్లటి బూజు పట్టి, రెక్కలు అరిగి ఎముకలు తేలిన చేప కూడా ఇంకా గుంటకి కాపలా కాస్తోంది. చచ్చినవాటి కళ్లు సీగల్స్ పొడుస్తున్నాయి.

చిన్నపిల్లల గుంపుకి ఒకావిడ చెప్తుంటే మేమూ నిలబడి విన్నాం. వసంతంలో రాళ్లలోంచి పైకి వచ్చే పిల్ల చమ్ నాలుగు సెంటీమీటర్లు ఉంటుంది. కోహో పిల్లలు ఏడాది పైన వాగులోనే పెరుగుతాయి. చమ్ పిల్ల మాత్రం ఆగదు, నేరుగా మొగకి పోతుంది. అక్కడి గడ్డి మేటల్లో కొన్ని వారాలు మేసి, బలపడి సముద్రంలోకి దిగుతుంది. అలాస్కా దాకా పోయి మూడు నుంచి ఐదేళ్ల తర్వాత తిరిగొస్తుంది. కాబట్టి దానికి మొగలో బురద, గడ్డి బాగుండటమే ముఖ్యం. నిన్న మేం తిట్టుకుంటూ నడిచిన బురద అదే. బ్రిన్నన్‌కి తిరిగొస్తూ డకబుష్ నది దగ్గర హైవే గట్టుని చూపించారు బావగారు. ఆ గట్టు మొగని రెండుగా కోసేసింది. దాన్ని తీసేసి పొడుగాటి వంతెన కట్టి పోటు నీళ్లు మళ్లీ లోపలికి వచ్చేలా చేసే పథకం ఒకటి ఉంది.

సోమవారం

పోటు రోజూ ఇంచుమించు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తుంది కాబట్టి తీరిగ్గా లేచాం. నది కాస్త తేరుకుంది, రంగు ఇంకా ఉంది. గుంపులో చాలామటుకు రాత్రే ఎగువకి పోయినట్టున్నాయి. పోటులో బావగారికి ఒకే ఒక్కటి పడింది, చారలు బాగా తేలిన మగది, కోరలతో. నేను వదిలెయ్యమన్నాను. "ఇన్నాళ్లూ నోటిమాటగా చెప్తున్నా, ఈసారి రెండూ పక్కపక్కన వండి చూద్దాం" అని ఆయన కార్డు తీశారు.

సాయంత్రానికి సమ్మామిష్‌లో అక్కావాళ్ల వంటింట్లో ఉన్నాం. శనివారం నాటి ఆడచేప కోస్తే మాంసం నారింజరంగులో గట్టిగా ఉంది. మగదాని మాంసం పాలిపోయి, వేలితో నొక్కితే అక్కడే గుంట పడింది. రెండిటినీ ఒకే మసాలాలో వేయించాం. ఆడచేప ముక్కలు పళ్లెంలో పడ్డవి పడ్డట్టే అయిపోయాయి. సాకై అంత నూనె ఉండదు, అందుకే తేలిగ్గా ఉంటుంది. మగచేప ముక్క విరిగిపోయి, అడుగున బురద వాసన తగిలింది. దాన్ని మిగతాదంతా ఉప్పూ బెల్లం పట్టించి స్మోకర్‌లో పెట్టారు బావగారు. అలా మాత్రం బాగుంది.

అక్క ఆడచేపలో కొన్ని ముక్కలతో పులుసు కూడా పెట్టింది, చింతపండు, బెండకాయ వేసి, ఆవకాయ నూనె తగిలించి. పులుసు బాగుంది, చేప కాదు. కొవ్వు లేని మాంసం పులుపు పట్టి బిగుసుకుపోయింది. చమ్ వేపుడుకే గానీ పులుసుకి పనికిరాదని నా తీర్పు. జన మాత్రం వేపుడు చేస్తే మన బొచ్చె జన కన్నా మెరుగు. గుడ్డు పెద్దది, పంటికింద టప్పుమంటుంది. కొంత పక్కకి తీసి, పొర విడదీసి, ఉప్పునీళ్లలో నానబెట్టి ఇకురా చేశాం. మేనల్లుడు వేడి అన్నం మీద వేసుకుని, మధ్యలో అప్పడం విరుచుకుని తిన్నాడు.

బావగారు తన వాదన నెగ్గిందన్నారు. పులుసు విషయంలో నెగ్గలేదని నేనన్నాను. ఇద్దరం తేల్చుకునేలోపు అక్క ఫ్రీజర్‌లో ఉన్న మగచేప తలని బయటికి తీసి ఆయన చేతిలో పెట్టింది. "వచ్చే ఏడాది చారలున్నది గడప దాటి వస్తే మీరే కోసుకోండి, మీరే వండుకోండి" అంది.